తడిగుడ్డ

"ఉస్తాద్, ఇంక నాకు రాని పని ఏముండాది?"

ఉరుకుందు ఈ మాట అడగడం అది మొదటిసారి కాదు. పనిలో చేరిన ఆరేళ్ళ నుంచీ ఏడాదికొకసారి అడుగుతూనే ఉన్నాడు. ఆ ఏడాది మాత్రం రెండుసార్లు అడిగాడు. పెళ్ళయింది. ఆదోని బస్టాండు దగ్గర ఒక చిన్న గది అద్దెకు దొరికేలా ఉంది. బోర్డు మీద పేరు ఏ రంగులో రాయించాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. ఇక కావలసిందల్లా మౌలాలి సాయిబు నోటి నుంచి ఒక్క మాట. "పో బేటా, అంగడి పెట్టుకో" అని.

మౌలాలి సాయిబు సోల్డరు చేస్తున్న తీగ మీంచి చూపు తిప్పలేదు. పొగ పైకి లేచింది, తీగ అంటుకుంది. ఊది, పక్కన పెట్టి, ఇంకో తీగ అందుకున్నాడు.

ఆయన అంతే. ముప్పై ఏళ్ళుగా పత్తి మిల్లుల వెనక సందులో రేడియోలు బాగుచేశాడు, టీవీలు బాగుచేశాడు, ఇంటింటికీ డీవీడీ ప్లేయర్లు వచ్చాక వాటినీ బాగుచేస్తున్నాడు. వచ్చిన వస్తువుతో మాట్లాడినంత కూడా వచ్చిన మనిషితో మాట్లాడడని ఊళ్ళో పేరు. మూత విప్పి చూసేదాకా ఏ సంగతీ చెప్పడు. విప్పి చూశాక కూడా, "రేపు తీసుకుపోండి" అనడమే తప్ప ఏమైందో, ఎందుకైందో చెప్పిన పాపాన పోలేదు.

ఉరుకుందు అలా కాదు. అబద్ధమెందుకు, అతని చేతిలో పని ఉంది. చెవి ఇంకా గొప్పది. మోటారు తిరిగే చప్పుడు విని, లోపల ఏ భాగం అరిగిందో పట్టేసేవాడు. వచ్చిన చిక్కల్లా నోటితోనే. ఆ నోరు ఎప్పుడూ చేతికన్నా ఒక అడుగు ముందుండేది. "మీ పిల్లోడు లోపల చెంచా పెట్టినాడు కదన్నా?" అనేవాడు. "ప్లేయరు మీద పూలకుండీ పెట్టినారు, నీళ్ళు కారినాయి" అనేవాడు. ఇంటివాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు. మూత విప్పకుండానే ఎలా చెప్పగలిగాడని నలుగురికీ చెప్పుకునేవాళ్ళు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అతను చెప్పింది నిజమే అయ్యేది. పదోసారి సంగతి ఎవరికీ తెలియదు, ఎందుకంటే వస్తువు బాగుపడ్డాక అదెందుకు పాడైందో మళ్ళీ వెనక్కి తిరిగి చూసేవాళ్ళుండరు.

ఒక్క మౌలాలి సాయిబు మాత్రం చూసేవాడు. తీసేసిన పార్టును పారేయనిచ్చేవాడు కాదు. "బాగుపడినదాన్ని అందరూ చూస్తారు. పాడైనదాన్ని ఎవరు చూడాల?" అనేవాడు. చాదస్తమని ఉరుకుందు లోలోపల నవ్వుకునేవాడు.

ఫాల్గుణంలో ఒక ఆదివారం పొద్దున బసవరాజప్ప అనే ఆయన అంగడికి వచ్చాడు. జిన్నింగు మిల్లులో గుమాస్తా. ఇంటికి గుంతకల్లు నుంచి చుట్టాలొచ్చారట. వాళ్ళకు చూపిద్దామని డిస్కు పెడితే ప్లేయరు కాసేపు గిరగిరా తిరిగి, లోపల డిస్కే లేదని చూపించి ఊరుకుంటోందట. పదిమందిలో పరువు పోతోందని వాపోయాడు.

మౌలాలి సాయిబుకు ఆ రోజు మోకాళ్ళు పట్టేశాయి. "నువ్వు పోయి చూసి రా," అన్నాడు ఉరుకుందుతో. "తీసిన పార్టు ఇక్కడికి తే."

ఉరుకుందు వెళ్ళేసరికి చుట్టాలంతా టీవీ ముందు చాప మీద కూర్చుని ఉన్నారు. పెళ్ళివారికి పురోహితుడు వచ్చినట్టు అందరూ జరిగి చోటిచ్చారు. అతను ప్లేయరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, బొత్తాం నొక్కాడు. డిస్కు లోపలికి వెళ్ళింది. గిర్రున తిరిగింది, ఆగింది. మళ్ళీ తిరిగింది, ఆగింది. అతను మూత మీద చెవి ఆనించి విన్నాడు. విప్పలేదు.

"లెన్సు పోయిందన్నా," అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ అన్ని కళ్ళూ తన మీదే ఉన్నాయి. అందరూ ఇంకేదో చెబుతాడని చూస్తున్నారు. చూస్తున్నప్పుడు ఊరుకోవడం అతనికి అలవాటు లేని పని.

"ఎవురో తడిగుడ్డ పెట్టి తుడిచినారు," అన్నాడు. "నీళ్ళు తగిలితే లెన్సు ఇంక పనికిరాదు."

ఎవరూ చెప్పకుండానే అందరి తలలూ వంటింటి గుమ్మం వైపు తిరిగాయి.

గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. నుదుట విభూతి, చేతిలో నీళ్ళ చెంబు. ఉరుకుందుకు ఇద్దామని తెస్తూ అక్కడే ఆగిపోయింది. ఆమె బసవరాజప్పకు అక్క, సిద్ధమ్మ. ఇరవై రెండేళ్ళకు భర్త పోయి, ఒక ట్రంకు పెట్టెతో తమ్ముడి ఇంటికి వచ్చి, ఆ ఇంట్లోనే తల నెరిసిన మనిషి.

"ఈ ఇంట్లో గుడ్డ పట్టేది అక్క ఒక్కతే కదా," అంది బసవరాజప్ప భార్య నాగరత్న. కోపంగా కూడా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టే అంది.

"పైన దుమ్ము తుడిచినా నాయనా," అంది సిద్ధమ్మ ఉరుకుందు వైపు చూస్తూ. "లోపల... లోపల తుడిచినట్టు గుర్తు లేదే." కాసేపు ఆలోచించింది. అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. "పళ్ళెం బయటికొచ్చినప్పుడు తుడిచినానేమో. గుడ్డ తడిగా ఉండిందేమో. నేనే అయ్యుంటాను."

ఉరుకుందు పొంగిపోయాడు. చేయి పెట్టకముందే దొంగ దొరికింది. ఆ క్షణాన అతనికి ఆమె మొహం కనబడలేదు, తన మాట నెగ్గిందన్న సంగతే కనబడింది. అది చాలక చిన్న నవ్వొకటి నవ్వి, "తుడిచే చెయ్యి ఊరికే ఉండదు కదమ్మా," అన్నాడు. చుట్టాలు కూడా నవ్వారు.

తర్వాత పని ఎంతసేపని. డిస్కు కూర్చునే పళ్ళెం, దాన్ని తిప్పే మోటారు, కింద నుంచి వెలుగు కొట్టి బొమ్మను చదివే లెన్సు, ఇవన్నీ కలిసి ఒక చిన్న పెట్టెలా ఉంటాయి. దాన్నే డ్రైవు అంటారు. లెన్సు ఒక్కటే విడిగా మార్చడం పెద్ద తలనొప్పి కాబట్టి డ్రైవు మొత్తం మార్చేస్తారు. దానికి సరిపడే కొత్త డ్రైవు అతని సంచిలో ఉంది. మూత తీశాడు, నాలుగు మరలు విప్పాడు, రెండు పట్టీ తీగలు ఊడదీశాడు. పాతది బయటికి తీసి పక్కన పెట్టి కొత్తది దించాడు. పట్టీలు తగిలించి, మరలు బిగించి, డిస్కు పెట్టాడు. టీవీలో బొమ్మ పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

బసవరాజప్ప అందరి ముందూ, గొంతు పెంచకుండానే అన్నాడు. "అక్కా, ఇంక దీని జోలికి రావద్దు. నీకు పుణ్యముంటాది."

"రానప్పా," అంది సిద్ధమ్మ.

టీవీ పక్కన గోడవార ఒక చిన్న బుట్ట ఉంది. దాంట్లో దూదీ, చేసి పెట్టిన వత్తులూ ఉన్నాయి. ఆమె వంగి ఆ బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఉరుకుందు ఆమె తెచ్చిన నీళ్ళు తాగి, చెంబు అక్కడే పెట్టి, పాత డ్రైవును కాగితంలో చుట్టుకుని సైకిలెక్కాడు. ఆ పొద్దు అతని కాళ్ళు పెడళ్ళ మీద ఆనలేదంటే నమ్మాలి.

సోమవారం మౌలాలి సాయిబు మోకాళ్ళు కాస్త నెమ్మదించాయి. అంగడి తెరిచి, ఊదు వెలిగించి, కూర్చుని, కాగితం విప్పాడు.

"ఏమైంది దీనికి?"

"లెన్సు పోయింది ఉస్తాద్. తడిగుడ్డ పెట్టి తుడిచినారు. ఆయమ్మ ఒప్పుకునింది కూడా."

ఆ చివరి మాటకు మౌలాలి తల ఎత్తాడు. "ఏ అమ్మ?"

ఉరుకుందు జరిగిందంతా చెప్పాడు. చుట్టాలు కూర్చున్న తీరు, అందరి తలలూ ఒక్కసారి తిరిగిన తీరు, ఆవిడ గుమ్మంలో నిలబడి తడబడిన తీరు, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. చెప్పేటప్పుడు బాగా నవ్వాడు కూడా. మౌలాలి వింటూనే భూతద్దం తీసి పాత డ్రైవు మీద పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దాన్ని ఉరుకుందు వైపు జరిపాడు.

"చూడు."

ఉరుకుందు వంగి చూశాడు. చిన్న శనగ గింజంత లెన్సు. దాని మీద పత్తి నూగు పలచగా పరుచుకుని ఉంది. ఆదోనిలో మిల్లుల పక్కన ఇల్లున్న ప్రతివాళ్ళకూ తెలుసు ఆ నూగు. కిటికీలు మూసినా ఆగదు. రోజుకింత చొప్పున నెలల తరబడి దిగి, ఉన్న చోట ఉన్నట్టే పొరలా అల్లుకుంటుంది. వేలు తగిలితే వేలి గీత పడుతుంది, గుడ్డ తగిలితే గుడ్డ చార పడుతుంది. ఆ లెన్సు మీద గీత లేదు, చార లేదు. అంచు నుంచి అంచు దాకా నూగు చెక్కు చెదరలేదు.

"ఇది తర్వాత పడిందేమో ఉస్తాద్," అన్నాడు. గొంతు కొంచెం తగ్గింది.

"ఒక్క దినంలోనా?"

ఉరుకుందు భూతద్దాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

మౌలాలి సన్నటి స్క్రూడ్రైవరు తీసుకుని, డిస్కు వచ్చి కూర్చునే చిన్న బొడిపె కింద దూర్చి, కొంచెం పైకి లేపాడు. కొంచెమంటే వెంట్రుకవాసి. ఇన్నాళ్ళూ తిరిగి తిరిగి అది తన ఇరుసు మీద అంత మేర కిందికి జారింది. డిస్కు అంత కిందికి దిగింది. లెన్సుకు చూపు ఆనలేదు. ఎవరూ ఏమీ చేయలేదు, పాతబడింది, అంతే. మౌలాలి ఆ డ్రైవును బల్ల మీద ఎప్పుడూ విప్పి ఉంచే ప్లేయరుకు తగిలించి, ఒక డిస్కు పెట్టాడు. గిర్రున తిరిగింది, ఆగలేదు. పక్కనున్న చిన్న టీవీలో ఎవరో పెళ్ళిలో బాజాలు వాయిస్తున్న బొమ్మ పడింది.

నూగు నూగుగానే ఉంది. లెన్సు దాని కిందనుంచే చదువుతోంది.

ఉరుకుందుకు తల కొట్టేసినట్టయింది. బాజాలు అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. చివరికి, "కొత్తదాని డబ్బు వాపసిచ్చేస్తా ఉస్తాద్," అన్నాడు.

"ఇచ్చెయ్. అది సులువు."

మౌలాలి అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఉరుకుందు తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. తిట్లు తిన్నవాడికి కాసేపు కోపమన్నా వస్తుంది, ఆ కోపంలో తలదాచుకోవచ్చు.

డబ్బు ఆ సాయంత్రమే వెళ్ళింది. అయితే ఉరుకుందు వెళ్ళలేదు. మిల్లుకు పోయే ఒక హమాలీ చేతికిచ్చి, పొరపాటున ఎక్కువ తీసుకున్నామని చెప్పించాడు. ఇంక అయిపోయిందని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ప్లేయరు ఆడుతోంది. డబ్బు ముట్టింది. ఆ పెద్దావిడను ఎవరూ కొట్టలేదు, ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు. ఏదో ఒక మాట అన్నారు, అది ఆమె ఈపాటికి మరిచిపోయి ఉంటుంది. ఇళ్ళల్లో ఇంతకంటే పెద్ద మాటలు రోజూ అనుకుంటారు.

మంగళవారం పొద్దున మౌలాలి సాయిబు ఊదు వెలిగించాక మొదట చేసిన పని, ఆ పాత డ్రైవులో డిస్కు పెట్టి ఆడించడం. టీవీ పెట్టలేదు. బొమ్మ లేకుండా, పాట లేకుండా అది ఊరికే తిరుగుతూ ఉంది. మధ్యాహ్నం దాకా తిరిగింది. బుధవారమూ అంతే. గురువారమూ అంతే. ఉరుకుందు దాని మీద దుమ్ము తుడవబోతే మౌలాలి చేయి అడ్డం పెట్టాడు. అంగట్లో ఇంకే చప్పుడూ లేనప్పుడు ఆ సన్నటి గిరగిర ఒక్కటే వినబడేది. గొప్ప చెవి అని మురిసిపోయిన చెవే కదా, ఇప్పుడు ఎటు తిరిగి కూర్చున్నా అది తప్ప ఇంకేదీ వినడం మానేసింది.

శుక్రవారం ఉరుకుందు ఓర్చుకోలేకపోయాడు. "దాన్ని నిలపండి ఉస్తాద్."

"ఏంటికి? బాగా ఆడుతాంది కదా."

ఉరుకుందు లేచి డ్రైవు ఊడదీసి, కాగితంలో చుట్టుకుని, సైకిలు తీశాడు.

అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు దాటింది. ఇంట్లో నాగరత్న ఒక్కతే ముందు గదిలో కూర్చుని ఉంది. ప్లేయరు ఎత్తున గూట్లోకి చేరింది, దాని మీద కొత్తగా కుట్టిన గుడ్డ తొడుగు కప్పి ఉంది.

"మళ్ళీ ఏమన్నా చూడాల్నా?" అందామె. "బాగనే ఆడుతాంది."

"అమ్మతో మాట్లాడాల. సిద్ధమ్మతో."

నాగరత్న విచిత్రంగా చూసింది. తర్వాత అడగకుండానే చెప్పుకొచ్చింది. సిద్ధమ్మ రోజూ ఈ వేళకు ఇక్కడే కూర్చుని నాటకాల డిస్కులు పెట్టుకునేదట. అక్షరం ముక్క రాకపోయినా ఏ బొత్తాం తర్వాత ఏ బొత్తాం నొక్కాలో గుర్తు పెట్టుకుంది. ఇంట్లో కరెంటు వస్తువుల్లో ఆమెకు చేతనైంది అదొక్కటే. వత్తులు చేసుకుంటూ, వేషగాళ్ళతో పాటు తనూ పద్యాలు గొణుక్కునేదట. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఇంటి చాకిరీ అయితే, ఆ ఒక్క గంటా ఆమెది.

"ఇప్పుడు ఈ గదిలోకే రాదు. మేమేం రావద్దన్లేదు, మిషను ముట్టుకోవద్దన్నాం, అంతే. తనే రాదు. ఊడ్చేదానికి కూడా రాదు, నేనే ఊడ్చుకుంటాండా," అంది నాగరత్న. ఊడ్చుకోవలసి రావడం ఒక్కటే ఆమెకు బాధగా ఉన్నట్టుంది.

సిద్ధమ్మ పెరట్లో బట్టలుతికే బండ పక్కన కూర్చుని కందులు చెరుగుతోంది. ఉరుకుందును చూసి చేట కింద పెట్టింది. అతను ఆమె ముందు నేల మీదే కూర్చున్నాడు. దారంతా కూడదీసుకున్న మాటలు ఒక్కటీ సమయానికి రాలేదు.

"అమ్మా, తప్పు నాది," అన్నాడు. "నువ్వు తుడవలేదు. లెన్సు పోలేదు. నేను చూడకుండా చెప్పినా. నలుగురు ఉన్నారని గొప్పకు చెప్పినా."

ఆమె వింటోంది. అతను కాగితం విప్పి డ్రైవు చూపించాడు. జారిన బొడిపె సంగతి చెప్పాడు. "చూడమ్మా, దీని మీద నూగు అట్లే ఉండాది. ఒక్క చార లేదు. నువ్వు గుడ్డ పెట్టింటే ఈ నూగు ఉంటాదా?"

ఆమె రెండు చేతులూ కొంగు కిందికి తీసుకుంది. "దగ్గరికి తేవద్దు నాయనా. మళ్ళీ ఏమన్నా అయితే."

"ఏమీ కాదు. ముట్టుకో."

"వద్దు."

గోడ అవతల మిల్లు ఆడుతున్న చప్పుడు వస్తోంది.

"నువ్వు మంచోనివి," అంది సిద్ధమ్మ. "ముసల్ది బాధపడతాందని ఇంత ఎండలో వచ్చి, లేని తప్పు నెత్తినేసుకుంటాండావు. నీ తల్లి నిన్ను బాగా పెంచింది."

"లేని తప్పు కాదమ్మా!"

"మా ఆయన పోయిన ఏడు మా అత్త ఒక మాట అనింది నాయనా. నీ చెయ్యి తగిలింది ఏదీ నిలబడదే అనింది. నేను నమ్మలేదు. దుఃఖంలో అంటాందిలే అనుకుంటి. ఇన్నేండ్లూ నమ్మలేదు. ఈ చేతులతోనే మా తమ్ముని పిల్లోళ్ళను పెంచితి, వాళ్ళకేం కాలేదు కదా అనుకుంటి." ఆమె గొంతు మామూలుగానే ఉంది, కందుల ధర చెప్పినట్టు చెబుతోంది. "నువ్వు పని తెలిసినోనివి. నేనెవరో నీకు తెలీదు. నామీద నీకు పగ లేదు. మిషనుకు చెవి పెట్టి విని నువ్వు కూడా అదే మాట చెప్తివి. అప్పుడు నమ్మితి."

ఉరుకుందు ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె కంగారుపడి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"అబద్ధమమ్మా. నేను చెప్పింది అబద్ధం. ఒట్టు."

"అబద్ధమైతే మిషను ఎట్ల బాగైంది నాయనా?" అని అడిగింది సిద్ధమ్మ.

అంత మామూలుగా అడిగింది. పసిబిడ్డకు లెక్క చెప్పినట్టు ఓపికగా అడిగింది. దానికి జవాబు ఉంది. డ్రైవు మొత్తం మార్చితే ఏ తప్పున్నా పోతుందని చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. ఆమె తలూపుతూ విన్నది, అతని మొహంలోకి జాలిగా చూస్తూ విన్నది. ఆ జాలి తన మీదేనని తెలిశాక అతను డ్రైవును మళ్ళీ కాగితంలో చుట్టుకున్నాడు.

"ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగి పో," అంది. లేవలేదు. లోపలికి కేక వేసి నాగరత్నను తెమ్మంది.

తిరిగి వస్తూ మిల్లు గేటు దగ్గర బసవరాజప్పను పట్టుకుని అతనికీ అంతా చెప్పాడు. బసవరాజప్ప చెడ్డవాడు కాదు. ఓపికగా విన్నాడు. "సరేలే, ఇప్పుడేమైంది? ఆడుతాంది కదా," అన్నాడు. "అయినా అక్కే ఒప్పుకునింది కదప్పా. చేయకపోతే ఎవరన్నా ఒప్పుకుంటారా?" ఆ తర్వాత, ఉరుకుందు మొహం చూసి కాబోలు, "ఆమెను ఇంక ఎవరూ ఏమీ అనడం లేదులే," అని భుజం తట్టాడు. అది నిజమే. ఎవరూ ఏమీ అనడం లేదు. ఆ మాట ఇంకొకరు అనాల్సిన అవసరం లేకుండా పోయింది, ఆమె తనకు తానే అనుకుంటోంది.

అతను అంగడికి వచ్చేసరికి మౌలాలి సాయిబు సాయంత్రపు అసరు నమాజు ముగించి చాప చుడుతున్నాడు. ఉరుకుందు చెప్పులు గడప బయట విడిచి, లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. డ్రైవు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చెప్పినావా?"

"చెప్పినా ఉస్తాద్."

"నమ్మిందా?"

"లేదు." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. "ఉన్నది ఉన్నట్టు చెప్పినా. కాళ్ళు పట్టుకున్నా. నూగు చూపించినా, చూడనే లేదు. వాళ్ళ తమ్మునికి చెప్పినా, ఆయనా నమ్మలేదు. ఇంక నేనేం చేయాల? ఇంకేముండాది చేసేదానికి?"

మౌలాలి చాప మూలన నిలబెట్టాడు.

"ఎన్నిసార్లు చెప్పినావు?"

"ఒక్కసారి పోయి చెప్పినా."

"ముందు చెప్పినావే, ఆ తడిగుడ్డ మాట?"

ఉరుకుందు తల దించుకున్నాడు. "అదీ ఒక్కసారే."

బయట సందులో బండ్లు పోతున్నాయి, గాలికి నూగు లేచి గడప లోపలికి వస్తోంది.

"చెడ్డ మాటకు మనిషి లోపల జాగా ఎవరో ముందే చేసి పెట్టుంటారు బేటా," అన్నాడు. "మంచి మాటకు జాగా ఉండదు. మళ్ళీ మళ్ళీ పోయి చేయాల."

అని, బల్ల అంచు పట్టుకుని మెల్లగా నడిచాడు. మోకాళ్ళు ఇంకా సర్దుకోలేదు, గడప దగ్గర తలుపు ఆసరా తీసుకోవలసి వచ్చింది. ఆయన ఎక్కడికో బయల్దేరుతున్నాడని ఉరుకుందు అనుకున్నాడు. మౌలాలి గడప దాటలేదు. నొప్పికి పళ్ళ బిగువున ఊపిరి పీల్చి, నడుము వంచి, కిందికి వంగాడు. లోపలికి తిరిగి ఉన్న ఉరుకుందు చెప్పులను రెండు చేతులతో ఎత్తి, ఒకదాని పక్కన ఒకటి, వీధి వైపు తిప్పి పెట్టాడు.

"ఉస్తాద్!" అంటూ ఉరుకుందు ఒక్క ఉదుటున లేచాడు. అప్పటికే అయిపోయింది. ఆయన తలుపు పట్టుకుని నిటారుగా లేచి, వచ్చిన దారినే నడిచి, తన చోట కూర్చుని సోల్డరు కడ్డీ వేడికి పెట్టాడు.

ఉరుకుందు గడప దగ్గరికి వెళ్ళాడు గానీ, ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది.